మూత్రపిండముల వాపు – నోటిమందుల చరిత్ర

మానవశరీరములోని అవయవములందు మూత్రపిండములు మిక్కిలి అణకువ గలవి. గుండెవలె చప్పుడు చేయవు, ఊపిరితిత్తులవలె ఎగసిపడవు. వెన్నెముక కిరుప్రక్కల, పిడికెడంత పరిమాణముతో, నడుమునకు కొంచెము పైగా ఒదిగియుండి, రేయింబవళ్లు రక్తమును వడబోయుచుండును. దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవము ఈ వడపోతలో సాగును. అందు నూటికి తొంబదితొమ్మిది పాళ్లు తిరిగి రక్తమునే చేరి, మిగిలిన లీటరున్నర మాత్రము మూత్రమై వెడలును.

ఈ అవయవములకు సూక్ష్మజీవులు సోకినపుడు రోగికి చలితో కూడిన జ్వరము వచ్చును. ప్రక్కటెముకల దిగువన వీపువైపు పోటు పుట్టును. వాంతులగును, మూత్రమున మంట కలుగును. పెద్దప్రేవులో సహజముగా నివసించు ‘కోలై’ జాతి సూక్ష్మజీవి మూత్రమార్గమున మూత్రాశయమున కెక్కి, అచ్చటినుండి పైకి ప్రాకుటయే దీనికి తరచు కారణము. మూత్రమార్గము పొట్టిదగుటచే స్త్రీలకు ఈ వ్యాధి హెచ్చు. విషము రక్తమున కలసినచో ప్రాణమునకే ముప్పు.

నేడు ఈ వ్యాధి తీవ్రము కానిచో వైద్యుడు మూత్రపరీక్ష చేయించి, “పూట కొక మాత్ర, రోజుకు రెండుపూటలు, ఏడు దినములు” అని చీటి వ్రాసి రోగిని ఇంటికి పంపగలడు. ఆ చీటిలోని మూడు మాటలు మూడు ప్రశ్నలకు సమాధానములు. మందు ఎంత? ఎన్ని గంటల కొకసారి? ఎన్ని దినములు? ఈ మూడింటికి సమాధానము దొరకుటకు వైద్యలోకమునకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ కథను ఇచట సంగ్రహముగా చెప్పుకొందము.

మన ప్రాచీనవైద్యులు ఈ బాధను ఎరుగకపోలేదు. మాధవనిదానమున మూత్రకృచ్ఛ్రమునకు, మూత్రాఘాతమునకు, అశ్మరికి వేర్వేరు అధ్యాయములు కలవు. పల్లేరుకాయల కషాయము, బార్లీ గంజి, కొబ్బరినీరు తెలుగు ఇండ్లలో తరతరములుగా వాడుకలో నున్నవి. ఇవి మూత్రమును సాఫీగా నడిపించి మంటను కొంత చల్లార్చెడివి. కాని మూత్రపిండమువరకు ప్రాకిన సూక్ష్మజీవిని తుదముట్టించుట వీని శక్తికి మించిన పని. పాశ్చాత్యదేశములందును ఆ కాలమున ఇంతకంటె మేలైన స్థితి లేదు. పడక, కాపడము, పలుచని ఆహారము – వైద్యుడు చెప్పగలిగిన దంతియే.

1885లో జర్మనీలోని మ్యూనిక్ నగరమున థియొడోర్ ఎషెరిక్ అను శిశువైద్యుడు పసిబిడ్డల మలమున కడ్డీవంటి యొక సూక్ష్మజీవిని గుర్తించి వర్ణించెను. ఈనాడు దానికి ఆయన పేరే నిలిచియున్నది. 1894లో ఆయనయే మూత్రాశయపు వాపుతో బాధపడు బాలికల మూత్రమున ఆ జీవియున్నదని చూపెను. శత్రువెవరో తెలిసెను. ఇక కావలసినది ఆయుధము.

ఇంచుమించు ఆ కాలముననే ఆర్థర్ నికొలాయర్ అను జర్మను వైద్యుడు హెక్సమిన్ అను రసాయనమును ‘యూరోట్రోపిన్’ పేర వాడుకలోనికి తెచ్చెను. నోటితో మ్రింగదగిన మందులలో మూత్రమును శుద్ధిచేయుటకై పుట్టిన వానిలో ఇది మొదటి తరమునకు చెందినది. దీని తీరు చిత్రమైనది. ఈ మందు తనంతట తాను ఏ జీవిని చంపదు. మూత్రము పులుపుగా నున్నపుడు అందు మెల్లగా విచ్ఛిన్నమై ఫార్మాల్డిహైడును విడుచును; ఆ ఫార్మాల్డిహైడు చంపును. ఈ విచ్ఛిత్తికి కొంత వ్యవధి కావలెను. మూత్రాశయమున మూత్రము గంటలకొలది నిలుచును గనుక అచ్చట ఇది పనిచేసెను. మూత్రపిండమునుండి మూత్రము వెంటవెంటనే జారిపోవును గనుక అచ్చటి వ్యాధికి ఇది అక్కరకు రాలేదు. మందు మంచిదగుట చాలదు, వ్యాధి యున్న చోటికి తగిన రూపమున, తగిన కాలము అందవలెనను సత్యమునకు ఇది తొలిపాఠము.

1935లో లండనులోని యూనివర్సిటీ కాలేజీ ఆసుపత్రికి చెందిన మాక్స్ రోజెన్‌హైమ్ అను వైద్యుడు మాండెలిక్ ఆమ్లమును ప్రవేశపెట్టెను. ఇది మొదట చేదుబాదము సారమునుండి లభించిన ఆమ్లము. దీనిని దినమునకు నాలుగు మారులు, మారునకు మూడు గ్రాముల చొప్పున త్రావించెడివారు. మూత్రము చిక్కగాను పులుపుగాను ఉండవలెనని నీరు తగ్గించి, మూత్రమును పులియజేయు మరియొక మందును గూడ ఇచ్చెడివారు. కడుపులో త్రిప్పుట, నోట రుచి చెడుట సామాన్యము. అయినను అదివరకు ఏదియు లేనిచోట ఇది గొప్ప మేలే.

అదే సంవత్సరము ఫిబ్రవరిలో గెర్హార్డ్ డోమాక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ‘ప్రాంటొసిల్’ అను ఎఱ్ఱరంగు పదార్థము ఎలుకలను ప్రాణాంతకమైన సూక్ష్మజీవులనుండి కాపాడినదని ప్రకటించెను. ఆ రంగులో అసలు పనిచేయునది సల్ఫనిలమైడు అని పారిస్ లోని పాస్టరు సంస్థవారు కొద్దినెలలలోనే తేల్చిరి. ఈ సల్ఫామందులు నోటితో మ్రింగిన రక్తమున కలసి, అచ్చటినుండి మూత్రపిండమునకు చేరెను. ఊపిరితిత్తుల జబ్బులతో పాటు మూత్రవ్యాధులకును ఇవి వాడుకలోనికి వచ్చెను.

కాని మేలుతోపాటు కీడును వచ్చెను. సల్ఫామందులలో కొన్ని మూత్రమున సరిగా కరుగక స్ఫటికములై, మూత్రపిండముల సన్ననాళములందే గడ్డకట్టెను. ఏ అవయవమును కాపాడుటకు మందిచ్చిరో ఆ అవయవమే మూసికొనిపోయెను. అందుచే వైద్యులు మునుపటి సలహాను తలక్రిందు చేసి, నీరు విస్తారముగా త్రాగవలెననియు, మూత్రము పులుపు విరుగుటకు సోడాఉప్పు పుచ్చుకొనవలెననియు విధించిరి. మాండెలిక్ ఆమ్లమునకు నీరు తగ్గించిన చేతితోనే సల్ఫాలకు నీరు పెంచవలసివచ్చెను. ఒక మందు మోతాదు నియమము మరియొక దానికి పనికిరాదని ఇట్లు తేలెను.

1937లో అమెరికాలో ఇంతకంటె ఘోరము జరిగెను. సల్ఫనిలమైడును తియ్యని ద్రవరూపమున అమ్ముటకై ఒక సంస్థ దానిని డైఎథిలిన్ గ్లైకాలులో కరగించెను. ఆ ద్రావకము మూత్రపిండములను నాశము చేయు విషము. ఎవరును ముందుగా పరీక్షింపలేదు. నూరుమందికి పైగా మరణించిరి; వారిలో పసివారు పెక్కురు. ఆ దుర్ఘటన ఫలితముగా, మందు అపాయకరము కాదని ముందుగా నిరూపించిన పిమ్మటనే అమ్మవలెనని 1938లో ఆ దేశమున చట్టమయ్యెను.

ఇక పెనిసిలిన్ మాట. 1928లో అలెగ్జాండరు ఫ్లెమింగ్ కనుగొన్న ఈ బూజు సారమును హవర్డ్ ఫ్లోరీ, ఎర్నెస్ట్ చెయిన్, నార్మన్ హీట్లీ ప్రభృతులు ఆక్స్‌ఫర్డులో శుద్ధిచేసిరి. 1941 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ అలెగ్జాండరు అను పోలీసు ఉద్యోగికి దీనిని సూదిద్వారా ఇచ్చిరి. అతని స్థితి ఆశ్చర్యకరముగా మెరుగుపడెను. కాని ఒక చిక్కు వచ్చెను. ఎంత మందిచ్చినను మూత్రపిండములు దానిని గంటలలోనే బయటికి త్రోసివేయుచుండెను. మందు నిలువ స్వల్పము. అందుచే రోగి మూత్రమును పట్టి, ప్రయోగశాలకు చేరవేసి, అందలి పెనిసిలిన్‌ను మరల వెలికితీసి అతనికే ఎక్కించిరి. అయినను మందు చాలక మార్చినెలలో అతడు మరణించెను.

ఈ సంఘటన వైద్యులకు రెండు సంగతులు తెలిపెను. మొదటిది: మూత్రపిండము ఒక మందును ఎంత వేగముగా వెడలగొట్టునో దానినిబట్టి ఎన్ని గంటలకు మరల ఇయ్యవలెనో నిర్ణయింపవలెను. పెనిసిలిన్ మూడుగంటల కొకసారి పొడువవలసివచ్చినది ఇందుచేతనే. రెండవది: రక్తమున నిలువని మందు మూత్రమున మిక్కుటముగా చేరును. ఇతర వ్యాధులకు నష్టమైన ఈ గుణము మూత్రవ్యాధులకు లాభమగును. కాలక్రమమున అమెరికా శాస్త్రజ్ఞుడు హారీ ఈగిల్ పెనిసిలిన్ విషయమున ఒక్కమారు పెద్దమోతాదు ఇచ్చుటకంటె, చాలినంత మందు రక్తమున ఎంతసేపు నిలిచినదను లెక్కయే ముఖ్యమని ప్రయోగములతో చూపెను. వేళతప్పక మాత్ర మ్రింగుమని వైద్యుడు పట్టుబట్టుటకు శాస్త్రాధారము ఇదియే.

అయితే మొదటి పెనిసిలిన్ కడుపులోని ఆమ్లమునకు చెడిపోవును; అదియుగాక కోలై జాతిపై దానికి ప్రభావము తక్కువ. 1944లో వెలువడిన స్ట్రెప్టోమైసిన్ కోలైని చంపగలిగెను గాని, నోటితో మ్రింగిన రక్తమున చేరదు, సూదియే శరణ్యము. పైగా కొద్దిదినములలోనే సూక్ష్మజీవులు దానికి లొంగక ఎదురుతిరిగెను. నోటితో మ్రింగదగినది, కోలైని అణచగలది, మూత్రపిండమునకు చేరగలది – ఈ మూడు గుణములు గల మందుకొరకు లోకము ఎదురుచూచుచుండెను.

ఇచ్చట మన తెలుగువాని పేరు చెప్పవలసియున్నది. ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యము చదివి, పిమ్మట అమెరికా చేరిరి. హార్వర్డులో ఫిస్కేతో కలసి రక్తమున మూత్రమున భాస్వరమును కొలుచు పద్ధతిని కనుగొనిరి. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వచ్చి, అచ్చటి పరిశోధనలకు సారథ్యము వహించిరి. ఆ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ అను వృద్ధవృక్షశాస్త్రజ్ఞుడు దేశమందలి పలుతావుల మట్టిని తెప్పించి పరీక్షించుచు, మిసోరీ విశ్వవిద్యాలయపు పొలములోని మట్టినుండి ఒక బంగారువన్నె సూక్ష్మజీవిని వేరుచేసెను. దాని సారమే ఆరియోమైసిన్. 1948లో అది లోకమునకు వెల్లడియయ్యెను. ఆ ఆగస్టునెలలోనే సుబ్బారావుగారు న్యూయార్కున కన్నుమూసిరి. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరములు.

ఆరియోమైసిన్ గొట్టపుమాత్రలుగా నోటితో మ్రింగదగినది. పెక్కుజాతుల సూక్ష్మజీవులపై పనిచేసెను. ఆరుగంటల కొకసారి మ్రింగిన చాలును. రోగి మంచముకడకు దాది అర్ధరాత్రి సూదితో రానక్కరలేదు. మూత్రవ్యాధులలో దీనిని విస్తారముగా వాడిరి. కాని దీనికిని కొన్ని నియమములున్నవని క్రమముగా తెలిసెను. కడుపుమంటకు పుచ్చుకొను అల్యూమినియం మందుతో కలిపినను, పాలతో మ్రింగినను ఇది రక్తమున సరిగా చేరదు. మూత్రపిండములు ముందే చెడినవారికి ఈ జాతిమందులు రక్తమున యూరియాను పెంచి హాని చేయును. మ్రింగిన మందు అంతయు అందిన మందు కాదను సంగతి ఇట్లు స్పష్టమయ్యెను.

మందులు ఇట్లు పెరుగుచుండగా మరియొక చిక్కు మిగిలియుండెను. రోగి మూత్రమున కనబడిన సూక్ష్మజీవి వ్యాధికారకమా, లేక పాత్రలో పడిన మాలిన్యమా? 1956లో బాస్టనులోని ఎడ్వర్డ్ కాస్ అను వైద్యుడు దీనికి ఒక కొలత ఏర్పరచెను. మిల్లీలీటరు మూత్రమున లక్ష సూక్ష్మజీవులకు మించినచో అది నిజమైన సోకుడు అని ఆయన తీర్మానము. ఏ బాధయు తెలియని గర్భిణులలో సైతము ఈ లక్షణము కనబడుననియు, చికిత్స చేయనిచో వారిలో అనేకులకు మూత్రపిండపు వాపు వచ్చుననియు ఆయన చూపెను. గర్భిణులకు మూత్రపరీక్ష తప్పనిసరి యగుటకు ఈ పరిశోధనయే మూలము.

1953లో నైట్రోఫ్యురాంటాయిన్ వచ్చెను. ఇది మూత్రమున మిక్కిలిగా చేరును గాని రక్తమునను మూత్రపిండపు కణజాలమునను చాలినంత నిలువదు. కావున మూత్రాశయపు మంటకు నేటికిని మేటిమందు. జ్వరముతో కూడిన మూత్రపిండపు వాపునకు పనికిరాదు. హెక్సమిన్ నాటి పాఠమునే ఇది వేరొక రీతిగా చెప్పెను. 1961లో ఇంగ్లండున వెలువడిన ఆంపిసిలిన్ నోటితో మ్రింగదగిన పెనిసిలిన్ జాతిమందై కోలైని సైతము ఎదుర్కొనెను. 1962లో క్లోరోక్విన్ తయారీలో పుట్టిన ఉపపదార్థమునుండి జార్జి లెషర్ బృందము నాలిడిక్సిక్ ఆమ్లమును సాధించెను. దినమునకు నాలుగుమారులు గ్రాము చొప్పున దానిని మ్రింగవలసియుండెను. 1968లో ట్రైమెథోప్రిం, సల్ఫామందు రెండును కలిసిన కోట్రైమాక్సజోల్ వచ్చి, మోతాదును దినమునకు రెండుమారులకు తగ్గించెను. నాలిడిక్సిక్ వంశమునుండియే నార్‌ఫ్లాక్సాసిన్, తదుపరి సిప్రోఫ్లాక్సాసిన్ పుట్టినవి. సిప్రోఫ్లాక్సాసిన్ నోటితో మ్రింగినను చాలభాగము రక్తమున చేరి, మూత్రపిండపు కణజాలమున దండిగా నిలుచును. 1987లో అమెరికాలో దీనికి అనుమతి లభించెను. ఆసుపత్రిలో సూదిమందుతోనే కుదురవలసిన జబ్బు ఇంటివద్ద మాత్రతో కుదురు కాలము వచ్చెను.

ఇక మూడవ ప్రశ్న: ఎన్ని దినములు? మూత్రపిండము ముఖ్యావయవము గనుక ఆరువారములు మందు మ్రింగుట మంచిదని ఒకప్పుడు పెక్కువైద్యుల అభిప్రాయము. 1987లో వాల్టర్ స్టామ్ ప్రభృతులు రెండువారముల చికిత్సను ఆరువారముల చికిత్సతో పోల్చి, రెండువారములు చాలునని కనుగొనిరి. 2000లో డేవిడ్ టాలన్ ప్రభృతులు అమెరికాలో ప్రకటించిన పరిశోధనలో ఏడుదినముల సిప్రోఫ్లాక్సాసిన్ పదునాలుగుదినముల కోట్రైమాక్సజోల్ కంటె మేలైన ఫలితము నిచ్చెను. 2012లో స్వీడనువారు సిప్రోఫ్లాక్సాసిన్‌నే ఏడుదినములు, పదునాలుగుదినములు ఇచ్చి పోల్చిరి. నయమైనవారు మొదటి పక్షమున నూటికి 97, రెండవ పక్షమున నూటికి 96. పసిపిల్లల విషయమున 1999లో అమెరికాలో 306 మందిపై జరిగిన పరిశోధనలో, జ్వరముతో కూడిన మూత్రవ్యాధికి మొదటినుండియు నోటిమందు ఇచ్చినను, మూడుదినములు రక్తనాళములో ఎక్కించి పిమ్మట నోటిమందు ఇచ్చినను ఫలితము సమానమే యని తేలెను.

ఈ లెక్కలు పొడిగా కనబడవచ్చును. కూలికి పోవు తల్లికి వీని అర్థము వేరు. రెండువారములు ఆసుపత్రి మంచముపై నుండుటకు బదులు, ఏడుదినములు ఇంటివద్ద మాత్ర మ్రింగి, జ్వరము తగ్గినంతనే వంటయు, పనియు, బిడ్డల సంరక్షణయు చూచుకొనవచ్చును. ప్రయాణపు ఖర్చు, పోగొట్టుకొన్న కూలి, తోడునకు వచ్చిన మనిషి పని – ఇవన్నియు మిగులును. నోటిమందు పేదవానికి చేసిన ఉపకారము ఇది.

ఈ ఉపకారములో హైదరాబాదునకు గొప్ప పాలు కలదు. 1961లో ఏర్పడిన కేంద్రప్రభుత్వపు ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ సంస్థ ఇచ్చట కృత్రిమౌషధముల కర్మాగారము స్థాపించెను. ఆ కర్మాగారమున పనినేర్చినవారు పిమ్మట స్వంతముగా మందుల పరిశ్రమలు పెట్టిరి. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులు ఇక్కడనుండి చౌకధరలకు లోకమంతటికి పోయెను. కాని 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఒక పరిశోధన కలవరము పుట్టించెను. పటాన్‌చెరువులో సుమారు 90 మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిలో లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని వారు కొలిచిరి. మాత్ర మ్రింగిన రోగి రక్తమున ఆ మందు లీటరునకు కొలది మిల్లీగ్రాములు మాత్రమే ఉండును. అనగా చికిత్సకు చాలిన దానికంటె పలురెట్లు హెచ్చు మందు కాలువలోనికి పోవుచుండెను. ఆ నీటిలోని సూక్ష్మజీవులలో మందునకు చావనివి మాత్రమే బ్రతికి వృద్ధిపొందును.

ఒక సూక్ష్మజీవి సంపాదించిన నిరోధశక్తి ఇంకొక జాతికి సంక్రమింపగలదని 1959లోనే జపానుదేశపు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. 2008లో ఢిల్లీ ఆసుపత్రిలో చికిత్స పొంది స్వీడనుకు తిరిగివెళ్లిన ఒక రోగి మూత్రమున, అత్యంతశక్తిగల కార్బపెనెం మందులకు సైతము లొంగని సూక్ష్మజీవి దొరకెను. సిప్రోఫ్లాక్సాసిన్ గుడ్డిగా మొదలుపెట్టుటకు, ఆ ప్రాంతమున దానికి లొంగని కోలై నూటికి పదికి మించరాదని అమెరికా నిపుణులు 2011లో హద్దు నిర్ణయించిరి. మన ఆసుపత్రులలో ఆ హద్దు ఎన్నడో దాటిపోయినది. అందుచే మనదేశమున మూత్రమును పెంచి పరీక్షించి, ఏ మందునకు లొంగునో చూచి మాత్ర నిర్ణయించుట అత్యవసరము. 2013లో కేంద్రప్రభుత్వము కొన్ని ముఖ్యౌషధములను హెచ్1 పట్టికలో చేర్చి, వైద్యుని చీటి లేనిదే అమ్మరాదనియు, అమ్మకమును పుస్తకమున వ్రాయవలెననియు విధించెను. ఇది 2014 మార్చినుండి అమలు కావలసినది. నియమము మంచిదే, అమలుచేయవలసినవాడు ప్రతి వీథిలోని మందుల అంగడివాడు, ప్రతి ఇంటిలోని రోగియు.

నోటిమందు త్రోవ పూర్తిగా మూసికొనిపోలేదు. 2022లో ప్రకటింపబడిన ఒక పెద్ద పరిశోధనలో టెబిపెనెం అను నోటి కార్బపెనెం, మూత్రపిండపు వాపుతో ఆసుపత్రిలో చేరినవారికి సూదిమందుతో సమానముగా పనిచేసెను. కాని క్రొత్తమందు ఒకటి వెలువడుటకు ఏండ్లు పట్టును. దానిని వమ్ముచేయుటకు అన్ని యేండ్లు అక్కరలేదు.

కావున పాఠకులు గుర్తింపదగిన విషయములు కొన్ని కలవు. చలిజ్వరము, వీపుపోటు కలిసివచ్చినపుడు ప్రొరుగింటివారు వాడి మిగిల్చిన మాత్రలు మ్రింగరాదు. మందు మొదలుపెట్టుటకు ముందే మూత్రమును పరీక్షకు ఇయ్యవలెను. వైద్యుడు చెప్పిన వేళను తప్పరాదు. చెప్పిన దినములకు ముందు ఆపరాదు, తరువాత పొడిగింపరాదు. వాంతియై మాత్ర నిలువకున్నను, రెండు మూడు దినములలో జ్వరము తగ్గకున్నను ఆసుపత్రికి పోవలెను. గర్భిణులకు, పసివారికి, మూత్రపిండములు ముందే బలహీనపడినవారికి మందును, మోతాదును వైద్యుడే వేరుగా నిర్ణయింపవలెను. ఏలయన పలుమందులను వెడలగొట్టవలసినది ఆ మూత్రపిండములే. ఎంత, ఎన్నిగంటలకు, ఎన్నిదినములు అను మూడు మాటలను చీటిలో వ్రాసినట్లే పాటించిన రోగి తన జబ్బును నయము చేసికొనుటయే గాక, రేపు అదే జబ్బు వచ్చు మరియొకరికి ఆ మాత్ర పనిచేయునట్లు కాపాడినవాడగును.